కాటాకు ముద్ర ఉందా?

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని తమ్ముళ్లు అడిగిన ప్రతిసారీ మేము మెస్ చార్జీల మీదో, స్కాలర్‌షిప్పుల మీదో, ఇంగ్లిష్ మీడియం మీదో రాస్తూ వచ్చాం. అవేవీ తీరిపోలేదు. అయినా ఈసారి వాటిని పక్కన పెట్టి ఒక కొలత గురించి రాస్తున్నాం. క్యాన్సర్ రోగికి పెట్టే రేడియేషన్ ఎంతో కొలిచే పరికరం గురించి, ఆ పరికరాన్ని సరిచూసే పని గురించి. ఇది సైన్సు గ్రూపు వాళ్ల సంగతి, మనకెందుకని పేజీ తిప్పేయకండి. సర్కారు దవాఖానాలో ఆ మిషన్ కింద పడుకునేది ఎక్కువగా మన అమ్మలూ అక్కలే.

ముందుగా మన హాస్టల్ ముచ్చట ఒకటి. మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మెస్ కమిటీలో ఉన్నాం. బియ్యం బస్తా మీద 50 కిలోలని ఉండేది. స్టోర్ రూమ్ కాటా మీద పెడితే 50 కిలోలే చూపేది. రిజిస్టర్లో 50 కిలోలే రాసేవాళ్లం. అన్నం మాత్రం ఆఖరి పంక్తికి వచ్చేసరికి అడుగంటేది. వంటక్కను అనుమానించాం, వాచ్‌మెన్‌ను అనుమానించాం, పెద్ద క్లాసు వాళ్లు ఎక్కువ తింటున్నారని కూడా కొట్లాడుకున్నాం. మాలో ఒకడి నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. వాడే అన్నాడు, “అరేయ్, బస్తాను కాదు, ముందు కాటాను చూడాలి” అని. రేషన్ షాపు నుంచి వేరే కాటా తెచ్చి తూస్తే బస్తా 47 కిలోలు వచ్చింది. మన కాటా వెనకాల తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర ఉంది, కానీ దాని గడువు దాటి నాలుగేళ్లు. వార్డెన్ సార్ ఆ వారమే కొత్త ముద్ర వేయించారు.

ఆ రోజు మాకు అర్థమైంది ఏమిటంటే, కాటా తప్పయినప్పుడు రిజిస్టర్లో తప్పు కనిపించదు. కూడికలు సరిపోతాయి, సంతకాలు సరిపోతాయి. కడుపు మాత్రమే నిజం చెబుతుంది. బియ్యం విషయంలో ఆ నిజం అదే పూట తెలుస్తుంది. రేడియేషన్ విషయంలో అది తెలిసేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

పైన చెప్పిన వంటక్కకే కొన్నేళ్ల తర్వాత గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. మా బ్యాచ్ వాళ్లందరికీ ఆమె చేతి అన్నం తిన్న రుణం ఉంది కాబట్టి వంతులేసుకుని నగరంలోని ప్రభుత్వ ఆస్పత్రికి తోడు వెళ్లాం. “కరెంటు పెడతారట బిడ్డా, ఇరవై అయిదు రోజులు” అని ఆమె మొదటి రోజే చెప్పింది. అక్కడ అందరూ అదే మాట అంటారు. నిజానికి అది కరెంటు కాదు, కంటికి కనబడని కిరణాలు. రోజుకు 2 గ్రేల చొప్పున 25 రోజులు, మొత్తం 50 గ్రేలు. గ్రే అంటే శరీరం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలమానం, బియ్యానికి కిలో ఎలాగో దీనికి గ్రే అలాగ.

తొమ్మిదో రోజో పదో రోజో మిషన్ చెడిపోయింది. రెండు రోజులు ఆగాం. మూడో రోజు పొద్దున పది గంటలకు కంపెనీ ఇంజినీరు బాగు చేసి వెళ్లిపోయాడని తెలిసి వరండాలో ఉన్న యాభై అరవై మంది లేచి నిలబడ్డారు. లోపలి నుంచి ఒక సార్ వచ్చి, ఇంకో మూడు గంటలు ఎవరినీ తీసుకోమన్నారు. ఆయన డాక్టరు కాదు, ఫిజిసిస్ట్ అట. అందరితో పాటు మేమూ అరిచాం. మాలో ఒకరు, “మేం గరీబోళ్లం కాబట్టే కదా సార్ ఇంత లెక్కలేనితనం” అని కూడా అన్నారు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆయన కోప్పడలేదు. “మిషన్ రిపేరైంది తమ్ముడూ. ఇప్పుడది ఎంత ఇస్తున్నదో నాకు తెల్వదు. తెల్వకుండ అక్కను దాని కింద ఎట్ల పండుకోబెట్టమంటవు?” అన్నారు.

సాయంత్రం రద్దీ తగ్గాక క్షమాపణ చెప్పడానికి వెళ్లాం. మాట మీద మాట వచ్చి, ఆయన కూడా సాంఘిక సంక్షేమ హాస్టల్‌లోనే చదివారని తెలిసింది. వేరే జిల్లా, మాకంటే చాలా ముందు బ్యాచ్. మా కాటా కథ చెబితే పెద్దగా నవ్వి, “నేను చేసేదీ అదే పని, రండి” అని మిషన్ ఆపి ఉన్న గదిలోకి తీసుకెళ్లారు.

అక్కడ బల్ల మీద ఒక నీళ్ల తొట్టి ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 30 సెంటీమీటర్లు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి మనిషికి బదులు నీళ్లతొట్టిని పడుకోబెడతారన్నమాట. అందులో పది సెంటీమీటర్ల లోతున చిటికెన వేలంత పరికరం. పేరు ఫార్మర్ చాంబర్. పేరు విని ఇదేదో రైతులకు సంబంధించిందనుకున్నాం. కాదట, 1955లో దీన్ని రూపొందించిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త పేరు ఫ్రాంక్ ఫార్మర్. దాని లోపల ఉండేది గాలి. అదీ ఒక ఘన సెంటీమీటరులో ఆరు పదుల వంతు మాత్రమే. కిరణాలు ఆ గాలిలోంచి వెళ్తే గాలి అణువులు విడిపోయి విద్యుదావేశం పుడుతుంది. దాన్ని ఎలక్ట్రోమీటర్ అనే పెట్టె లెక్కపెడుతుంది. ఒక గ్రే రేడియేషన్‌కు పుట్టే ఆవేశం దాదాపు 20 నానోకూలంబ్‌లు. అంటే ఒక కూలంబ్‌ను వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఇరవై. మనిషి ప్రాణం ఇంత సన్నని లెక్క మీద ఆధారపడుతుందని మేము ఫిజిక్స్ చదివిన రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

మిషన్‌కు సొంతంగా మీటర్ ఉండదా అని అడిగాం. ఉంటుందట. వంద యూనిట్లు అని నొక్కితే వంద కాగానే అదే ఆగిపోతుంది. కానీ ఆ వంద యూనిట్లంటే ఒక గ్రే అవునా కాదా అన్నది మిషన్‌కు తెలియదు, బయటి నుంచి కొలిచి దానికి నేర్పాలి. “మిషన్ మీటరును నమ్ముకునుడంటే బియ్యం అమ్మెటోని కాటాను నమ్ముకున్నట్టే” అన్నారు సార్.

మాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది గోడకున్న బారోమీటరు, నీళ్లలోని థర్మామీటరు. చాంబర్‌లోని గాలికి బయటి గాలితో సంబంధం ఉంటుంది. వేడెక్కితే గాలి పలచబడుతుంది, పలచబడితే రీడింగు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర సరిచూసిన చాంబర్‌ను 27 డిగ్రీల గదిలో వాడితే రెండు శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది. పీడనం సంగతి ఇంకా పెద్దది. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం సుమారు 1013 మిల్లీబార్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ 950 దరిదాపుల్లో ఉంటుంది. అదే పరికరం, అదే కిరణం. విశాఖపట్నంలో చూపించిన దానికంటే హైదరాబాద్‌లో ఆరు శాతం తక్కువ చూపిస్తుంది. ఎవరైనా ఈ సవరణ మరిచిపోతే “మిషన్ తక్కువ ఇస్తోంది” అనుకుని పెంచుతారు. రోగికి రోజూ ఆరు శాతానికి పైగా ఎక్కువ పడుతుంది. ఇందులో ఇంకో గోతి కూడా ఉందట. వాతావరణ వార్తల్లో చెప్పే పీడనం సాధారణంగా సముద్రమట్టానికి మార్చి చెప్పేది. బారోమీటరు పాడైందని ఆ అంకె తీసుకుని లెక్క కట్టినా అదే తప్పు జరుగుతుంది. రోగికి అందే మోతాదులో మొత్తంమీద తేడా ఐదు శాతానికి మించకూడదని రేడియేషన్ కొలతల అంతర్జాతీయ సంఘం 1976లోనే చెప్పింది. డాక్టరు తప్పు చేయకుండానే, ఒక్క గాలి పీడనం లెక్క మరిచిపోతే ఆ హద్దు దాటిపోతుంది.

ఐదు శాతం ఏం పెద్దదని మనకు అనిపించవచ్చు. పరీక్షలో ఐదు మార్కులు పోతే పోయాయి. ఇక్కడ తక్కువైతే గడ్డలో కొన్ని కణాలు బతికిపోతాయి. ఏడాదికో రెండేళ్లకో రోగం తిరగబెడితే “ఖర్మ” అనుకుంటాం, కొలత తప్పని ఎవరికీ తట్టదు. ఎక్కువైతే పక్కనున్న పేగులు, మూత్రాశయం దెబ్బతింటాయి. అప్పుడు కూడా “కరెంటు పెడితే అంతే” అని సరిపెట్టుకుంటాం.

మరి ఈ చాంబర్‌ను కొలిచేదెవరు? దాన్ని నిర్ణీత గడువులోపు ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రానికో, అక్కడి ప్రమాణంతో ముడిపడిన గుర్తింపు పొందిన ప్రయోగశాలకో పంపి సరిచూపించాలి. దాన్నే కాలిబ్రేషన్ అంటారు. తెలిసిన రేడియేషన్ ముందు పెట్టి, ఎంత ఆవేశానికి ఎన్ని గ్రేలో ఒక అంకె తేల్చి సర్టిఫికెట్ ఇస్తారు. భాభా కేంద్రం తన ప్రమాణాన్ని పారిస్ దగ్గరి సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థతో పోల్చుకుంటుంది. మన స్టోర్ రూమ్ కాటాకు తూనికల శాఖ ఎలాగో ఇదీ అలాగే. మన దగ్గర గొలుసు జిల్లా కేంద్రం వైపు వెళ్తుంది, వాళ్లది పారిస్ దాకా వెళ్తుంది. మధ్యలో ఒక్క లంకె తెగినా చివర పడుకున్న మనిషికి తెలియదు.

తెగితే ఏమవుతుందో లోకం చూసింది. 1990 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని జరగోజా నగరంలో ఒక ఆస్పత్రి మిషన్ చెడిపోతే టెక్నీషియన్ బాగు చేశాడు. ఫిజిసిస్టుకు చెప్పలేదు, మళ్లీ కొలవలేదు, రోగులను పడుకోబెట్టారు. ఏ శక్తి ఎంచుకున్నా మీటరు ముల్లు ఒకే దగ్గర నిలబడి ఉంటే ముల్లు ఇరుక్కుపోయిందనుకున్నారు. ముల్లు నిజమే చెబుతోంది, కిరణమే మారడం లేదు. పది రోజుల్లో 27 మందికి మితిమీరిన రేడియేషన్ పడింది, వారిలో పలువురు చనిపోయారు. ఇది చదివిన రోజు మాకు ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. మేము ఆ రోజు అరిచి అడిగింది సరిగ్గా జరగోజాలో జరిగిన పనే. రిపేరైంది కదా, కొలవకుండా మొదలుపెట్టండి అని.

కొలిచినా సరిపోదు, సరిగ్గా కొలవాలి. 1996 ఆగస్టులో కోస్టారికా రాజధాని శాన్ హోసేలో కోబాల్ట్ మిషన్‌కు కొత్త మూలకం బిగించి కొలిచారు. 0.3 నిమిషం అంటే 18 సెకన్లు. లెక్కలో దాన్ని 30 సెకన్లుగా తీసుకున్నారు. మనం ఏడో తరగతిలో దశాంశాల పాఠంలో చేసే తప్పు! 18 సెకన్లలో వచ్చింది 30 సెకన్లలో వచ్చిందనుకున్నారు కాబట్టి మూలకం బలహీనమనుకుని ప్రతి రోగికీ ఎక్కువసేపు పెట్టారు. నెల రోజులకు పైగా ఎవరూ పట్టుకోలేదు. 115 మందికి 50 నుంచి 60 శాతం దాకా ఎక్కువ మోతాదు పడింది, వారిలో పిల్లలూ ఉన్నారు. ఆ లెక్కను వేరే మనిషి ఇంకోసారి చేసి ఉంటే ఆ రోజే బయటపడేది.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో 1974 నుంచి 1976 వరకు ఇంకో రకం. కోబాల్ట్ బలం నెలకు సుమారు ఒక శాతం తగ్గుతూ పోతుంది, 5.27 ఏళ్లకు సగమవుతుంది. అక్కడ 22 నెలలు అసలు కొలవకుండా గ్రాఫు గీసుకుని దాని ప్రకారం నడిపారు. ఆ గ్రాఫే తప్పు. 426 మంది బాధితులు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1988లో 207 మందికి 25 శాతం ఎక్కువ పడింది. దాన్ని బయటపెట్టింది మాత్రం ఆస్పత్రి వాళ్లు కాదు, వేరే చోటి నుంచి వచ్చి కొలిచిన వాళ్లు. మన హాస్టల్‌లో కూడా నిజం రేషన్ షాపు కాటాతోనే కదా తెలిసింది. అందుకే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1969 నుంచి ఆస్పత్రులకు చిన్న కొలత గుళికలను తపాలాలో పంపి, వాటి మీద ఇంత రేడియేషన్ పెట్టి తిరిగి పంపండి, మేము చదివి చూస్తాం అనే పద్ధతి నడుపుతున్నాయి. భాభా కేంద్రం కూడా మన దేశంలో ఇలాంటిదే నడుపుతోంది. ఉత్తరంలో వచ్చే ఇన్‌స్పెక్షన్ అన్నమాట.

ఇవి ఎక్కువగా డబ్బున్న దేశాల్లో, అన్నీ చదువుకున్న వాళ్ల చేతుల్లో జరిగినవి. కాబట్టి మన దగ్గర ఎవరో చెడ్డవాళ్లు ఉన్నారని మేము చెప్పడం లేదు. మంచివాడైనా ఒక్కడే ఉంటే, అలసిపోయి ఉంటే, వరండాలో అరవై మంది అరుస్తుంటే 0.3 కాస్తా 30 అవుతుంది.

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి మా బ్యాచ్ వాళ్లే ఇద్దరు అభ్యంతరం చెప్పారు. “ముందు మిషన్లు రానివ్వండి, జనం నెలల తరబడి వరుసలో ఉన్నారు, ఈ సన్నపు లెక్కలు ఉన్నోళ్ల ముచ్చట” అన్నారు. ఇందులో నిజం లేకపోలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స మొత్తం ఎనిమిది వారాల్లోపు ముగియాలంటారు. సాగేకొద్దీ రోగం చేతికి చిక్కే అవకాశం తగ్గుతుంది. మిషన్ ఆగిన రెండు రోజులు వంటక్కకు నష్టమే. కూలి పోగొట్టుకుని తోడు వచ్చిన మరిదికీ నష్టమే. మేము అరిచింది ఊరికే కాదు.

అయినా మేము ఒప్పుకోం. ఉన్నోళ్లకు అనుమానం వస్తే ఇంకో ఆస్పత్రికి పోతారు, రిపోర్టులు పట్టుకుని ముంబై పోతారు. మనవాళ్లకు రెండో ఆస్పత్రి లేదు, రెండో అభిప్రాయం లేదు. ఒకే మిషన్, ఒకే కొలత. అది సరిగ్గా ఉండాల్సిన అవసరం మనకే ఎక్కువ. ఆలస్యానికి మందు కొలత మానేయడం కాదు, కొలిచే మనుషులను పెంచడం. మేము చూసిన చోట ఉన్నది ఒక్క సార్. ఆయన సెలవు పెడితే కొలత కూడా సెలవే. ఇద్దరుంటే ఒకరు తెల్లవారుజామున రోగులు రాకముందే కొలిచేస్తారు, రెండోవారు లెక్క సరిచూస్తారు. ఆ చాంబర్ కూడా ఒక్కటే ఉంది. కాలిబ్రేషన్‌కు పంపితే తిరిగి వచ్చేదాకా వారాల తరబడి చేతిలో ఏమీ ఉండదు. అందుకే పంపడం ఇంకో నెల, ఇంకో నెల అని వాయిదా పడుతుంది. కోట్ల రూపాయల మిషన్‌కు రిబ్బన్ కత్తిరించడానికి మంత్రులు వస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది. దాని పక్కన వేలంత చాంబర్ ఇంకొకటి కొనడానికి మాత్రం ఫైలు కదలదు. చాంబర్‌కు రిబ్బన్ కట్టడం కుదరదు కాబోలు.

డిగ్రీలో ఫిజిక్స్ తీసుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. బీఎస్సీ అయ్యాక బీఎడ్, డీఎస్సీ, గ్రూప్స్ తప్ప దారి లేదనుకుంటాం, మేమూ అలాగే అనుకున్నాం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత రేడియలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా ఉంది. భాభా కేంద్రం 1962 నుంచి ఆ కోర్సు నడుపుతోంది. మెడికల్ ఫిజిక్స్‌లోనే ఎమ్మెస్సీ చెప్పే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. ఏ కోర్సు చేరినా దానికి అణుశక్తి నియంత్రణ మండలి గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి. ఆ సార్ ఈ దారినే వచ్చారు. తన ఊళ్లో ఇప్పటికీ చాలామంది ఆయన ఎక్స్‌రే తీస్తాడనుకుంటారట. చెప్పి చెప్పి విసిగి, అవునని ఊరుకుంటున్నారట.

వంటక్క 25 రోజులూ పూర్తి చేసుకుంది. తర్వాత లోపలి నుంచి పెట్టే చికిత్స కూడా అయింది. పోయిన వార్షికోత్సవానికి వచ్చి, ఇప్పుడు వండుతున్న వాళ్లకు పప్పులో చింతపండు ఎక్కువైందని చెప్పి వెళ్లింది.

మేము ఒక వినతిపత్రం రాసుకున్నాం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో రేడియేషన్ మిషన్ ఉన్న ప్రతిచోటా కనీసం ఇద్దరు ఫిజిసిస్టులు, రెండు చాంబర్లు ఉండాలనీ, చాంబర్ చివరగా ఎప్పుడు సరిచూపించారో, మళ్లీ ఎప్పుడు సరిచూపించాలో ఆ తేదీలు రేషన్ షాపు కాటా మీద ముద్రలాగా గది తలుపు మీద తెలుగులో రాసి పెట్టాలనీ, మిషన్ ఆపినప్పుడు ఎందుకు ఆపారో వరండాలో బోర్డు పెట్టాలనీ అందులో ఉంది. ఆ బోర్డు ఉండి ఉంటే మేము ఆ సార్ మీద అరిచేవాళ్లం కాదు. వినతిపత్రం ప్రతి హాస్టల్ ఆఫీసు గదిలో, హాజరు రిజిస్టర్ల బీరువా పక్కన ఉంచాం. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు భోజనానికి కూర్చునే ముందు చదివి, సమ్మతమైతే సంతకం చేయగలరు. సమ్మతం కాకపోతే ఎందుకు కాదో దాని వెనక రాయండి, దాని కోసం రెండు ఖాళీ కాగితాలు కుట్టి పెట్టాం.

— మెస్ కమిటీ పాత సభ్యులం